ముందు వరుసవాని తెర



అప్పు చేసియైనా కాలేజీకి వెళ్ళే బిడ్డకు స్మార్ట్‌ఫోన్ కొనిస్తున్నారు. తప్పనను. 2017లో ప్రభుత్వం ప్రారంభించిన ‘స్వయం’ ద్వారా ఐఐటీ ఆచార్యుల పాఠాలు మన ఇంటి అరుగు మీదికే ఉచితంగా వస్తున్నాయి. ధ్రువపత్రం కావాలంటేనే పరీక్ష ఫీజు.

అయితే కెనడా పరిశోధకులు 2013లో ప్రచురించిన సంగతొకటి వినండి. విశ్వవిద్యాలయ విద్యార్థులకు పాఠం చెప్పి, వెంటనే పరీక్ష పెట్టారు. పాఠం మధ్యలో ల్యాప్‌టాప్‌లో వేరే పనులు చూసుకున్నవారికి మార్కులు తగ్గాయి. ఇది ఎవరైనా ఊహించగలరు. కాని బుద్ధిగా కాగితం మీద రాసుకుంటున్నా, ముందు కూర్చున్నవాని తెర కంటబడిన వారికి కూడ నూటికి 17 మార్కులు తగ్గాయి! పాపం, వారు చేసిన తప్పేమీ లేదు.

బబులోనులో చదువుకున్న దానియేలుకు ముగ్గురు మంచి స్నేహితులు తోడున్నారు. మరి మీ బిడ్డ వెనుక కూర్చున్న పేదింటి పిల్లకు మీ బిడ్డ ఎలాంటి తోడు?

క్లాసు ముగిసేవరకు ఫోను సంచిలోనే ఉంచమని చెప్పండి. కొందరు తల్లులు పగలు పదకొండింటికే “తిన్నావా?” అని ఫోన్ చేస్తుంటారు. సాయంత్రం చేయండమ్మా. కుటుంబ ప్రార్థనలో బిడ్డను కూడ ఆ ఫోనులోనే కలుపుకోవచ్చు.