ఫిలిం తిరిగి ఇచ్చిన ఫోటోగ్రాఫర్

స్త్రీల హక్కుల కోసం పనిచేసే సంస్థలన్నిటి దగ్గరా ఫోటోలుంటాయి. రిపోర్టుల అట్టల మీద, కరపత్రాల మీద, నిధులిచ్చేవాళ్ళకు పంపే ఫైళ్ళలో. వాచిన మొహం, ఖాళీ బిందె, బిడ్డను పోగొట్టుకున్న తల్లి. అందులో ఉన్న మనిషి అచ్చయిన ఆ ఫోటోను ఎప్పుడైనా చూసిందా అన్న ప్రశ్న మాత్రం మన మీటింగుల ఎజెండాకెక్కదు. దయానితా సింగ్ గురించి మాట్లాడుకోవలసింది అందుకే.

దయానిత 1961లో ఢిల్లీలో పుట్టారు. అహ్మదాబాదులో డిజైనూ, న్యూయార్క్‌లో ఫోటోగ్రఫీ చదివారు. తబలా విద్వాంసుడు జాకీర్ హుస్సేన్ మీద తెచ్చిన మొదటి పుస్తకం 1986లో వచ్చింది. తర్వాత కొన్నేళ్ళు విదేశీ పత్రికలకు పనిచేశారు. ఆ పత్రికలకు మన దేశం నుంచి ఏ ఫోటోలు కావాలో వేరే చెప్పాలా? సెక్స్ వర్కర్లు, బాలకార్మికులు, హిజ్రాలు.

1989లో లండన్ టైమ్స్ కోసం హిజ్రాల ఫోటోలు తీయడానికి వెళ్ళి, ఢిల్లీలో మోనా అహ్మద్‌ను కలిశారు. మోనా ఫోటోలు తీయనిచ్చింది. అవి లండన్ పత్రికలో పడతాయని తెలిశాక మాత్రం ఒప్పుకోలేదు. బ్రిటన్‌లో ఆమె బంధువులున్నారు. ఫిలిం ఇచ్చెయ్యమంది. దయానిత ఇచ్చేశారు.

ఇక్కడ కాస్త ఆగుదాం. అప్పట్లో రోలు ఇచ్చేస్తే ఇచ్చేసినట్టే, ఇంకో కాపీ ఉండదు. పడిన శ్రమంతా అందులోనే ఉంది. ఆమె స్థానంలో మనవాళ్ళెవరైనా ఉంటే? “నీలాంటివాళ్ళ బాధ లోకానికి తెలియొద్దా?” అని నచ్చజెప్పి ఉండేవారు. నచ్చజెప్పడంలో మనవాళ్ళది అందెవేసిన చెయ్యి!

ఆ రోలు పోయింది గానీ స్నేహం మిగిలింది. మోనా పెంపుడు కూతురు అయేషా పుట్టినరోజులకు ఫోటోలు తీసింది దయానితే. పన్నెండేళ్ళ తర్వాత, 2001లో, ‘మైసెల్ఫ్ మోనా అహ్మద్’ పుస్తకం వచ్చింది. అందులోని మాటలు మోనావే, ప్రచురణకర్తకు ఉత్తరాలుగా పంపినవి. కూతురు దూరమవడం, తన సముదాయం నుంచి వెలి, ఖబ్రస్తాన్‌లో ఒంటరి కాపురం, అన్నీ తనకు తోచినట్టు చెప్పుకుంది. ట్రాన్స్‌జెండర్లకు గుర్తింపునిచ్చిన సుప్రీంకోర్టు తీర్పు 2014లో గానీ రాలేదని గుర్తుంచుకుంటే ఆ గొంతు విలువ తెలుస్తుంది. మోనా 2017లో చనిపోయింది.

ఈ పుస్తకంతో నాకు పేచీ లేకపోలేదు. ఇంగ్లీషులో, విదేశంలో అచ్చయిన పుస్తకం. రచయితగా దయానిత పేరే ఉంది. పక్కవీధి హిజ్రా దాన్ని చదవగలదా? అయినా ఏం బయటపెట్టాలో, ఏది దాచాలో తేల్చుకున్నది మోనాయే. మన కేస్ స్టడీల్లో ఆ అవకాశం ఎవరికిస్తున్నాం?

తర్వాత దయానిత పత్రికల పని వదిలేసి, తన వర్గం వాళ్ళ ఇళ్ళను, కుటుంబాలను ఫోటోలు తీశారు (‘ప్రైవసీ’, 2004). పేదల్ని వదిలి పెద్దింటివాళ్ళను పట్టుకున్నారని అనుకోవచ్చు. నేనలా అనుకోను. ఎప్పుడూ లేనివాళ్ళ గుడిసెలోకే దూరే కెమెరా ఒక్కసారి డ్రాయింగు రూము వైపు తిరిగితే తప్పేముంది? 2022లో ఆమెకు హాసెల్‌బ్లాడ్ అవార్డు వచ్చింది.

అత్యాచారానికి గురైన స్త్రీ ఎవరో తెలిసేలా ప్రచురించడం 1983 నుంచీ నేరమే. అప్పుడు శిక్షాస్మృతిలో 228ఎ. 2024 జూలై నుంచి న్యాయ సంహితలో 72వ సెక్షన్. భర్త కొట్టిన స్త్రీకో, అప్పుల రైతు భార్యకో అంత స్పష్టమైన రక్షణ లేదు. వేలిముద్ర వేయించుకున్న కాగితం ఉందిగా అంటారు. రెండేళ్ళ తర్వాత ఆమె వచ్చి, “నా కూతురికి సంబంధాలు చూస్తున్నాం, ఆ బొమ్మ తీసెయ్యండమ్మా” అంటే ఆ కాగితం ఏం చేస్తుంది? ఏ ఫోటో ఏ రిపోర్టులోకి, ఎవరి దగ్గరికి వెళ్ళిందో రాసిపెట్టే రిజిస్టరు మన ఆఫీసుల్లో ఎన్నింట్లో ఉంది? ముందు ఆ రిజిస్టరు తెరవాలి.