ధరలు తగ్గాయంట... ఎవరి ధరలు?

కాస్త పెద్ద పోస్టే. కోతల హడావుడిలో ఉంటారని తెలుసు. అయినా మినుము చల్లే లోపు ఒక్కసారి చదవండి, ఎందుకో చివర్లో మీకే అర్థమవుద్ది.

2025 నవంబరు 12 సాయంత్రం నుంచి టీవీలో, ఫోన్లో ఒకటే వార్త. అక్టోబరు నెలకి ధరల పెరుగుదల 0.25 శాతం అంట. 2012ని ప్రాతిపదికగా పెట్టుకుని ఈ లెక్క మొదలెట్టిన దగ్గర్నుంచి ఇంత తక్కువ ఎప్పుడూ రాలేదంట. ఆహారం ధరలైతే పెరగడం కాదు, నిరుటి మీద 5 శాతం తగ్గాయంట. చర్చల్లో కూర్చున్నవాళ్ల మొహాలు వెలిగిపోతున్నాయి. సామాన్యుడికి ఊరట అని ఒకరు, పండగ కానుక అని ఇంకొకరు.

ఆ అక్టోబరు మనకెలా గడిచిందో గుర్తుందిగా. 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. తెల్లారి లేచి చూస్తే పొట్ట మీదున్న వరి, గింజ పాలు పోసుకుంటున్న వరి చాప పరిచినట్టు పడి ఉంది. చేలో నీళ్లు లాగక, పడిన కంకి మొలకొస్తదేమోనని గట్టు మీద కూర్చున్న నెల అది. దేశం లెక్కలో మాత్రం అది బంగారంలాంటి నెల.

ఇక్కడే నా ప్రశ్న. ధరలు తగ్గాయంటే ఎవరి ధరలు తగ్గాయి? ఎవరికి ఊరట?

ముందు ఈ అంకె ఎట్లా వస్తదో చూద్దాం, తిట్టేముందు తెలుసుకోవాలిగా. ఢిల్లీలో జాతీయ గణాంక కార్యాలయం అని ఉంది. ఆ 2012 లెక్కకి దేశం మొత్తం మీద 1181 గ్రామాల్లో, పట్టణాల్లో 1114 మార్కెట్లలో ధరలు రాసుకునేవాళ్లు. బియ్యం, పప్పు, నూనె, కూరగాయలు, బట్టలు, బస్సు టికెట్టు, బడి ఫీజు, మందులు... అన్నీ ఒక బుట్టలో వేసినట్టు లెక్క కడతారు. ఆ 2012 లెక్కలో పల్లె బుట్టలో తిండి బరువు 54 శాతం, పట్నం బుట్టలో 36 శాతం ఉండేది. నిరుడు ఇదే నెలలో ఆ బుట్ట కొనడానికి ఎంతయ్యింది, ఇప్పుడెంతవుద్ది, ఆ తేడానే ఈ శాతం.

నిరుటితో పోలుస్తారన్న మాట గుర్తు పెట్టుకోండి. 2024 అక్టోబరులో ఈ అంకె 6.21. ఆహారం ఒక్కటే దాదాపు 11 శాతం పెరిగింది అప్పుడు. అంత ఎత్తు మీద నుంచి చూస్తే 2025 గొయ్యిలాగే కనపడుద్ది. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ తగ్గించారు, అదీ కలిసింది. కాబట్టి లెక్క దొంగలెక్క అని నేననను. లెక్క సరైందే. కాకపోతే అది కొనేవాడి లెక్క.

ఆ బుట్టలో ఏం లేవో చూడండి. డీఏపీ బస్తా లేదు. కౌలు లేదు. దమ్ము చేసిన ట్రాక్టరు బాడుగ లేదు, నాట్ల కూలి లేదు, కోత మిషను గంటకింత అని తీసుకునేది లేదు. పండించడానికి మనం పెట్టేది ఏదీ అందులో లేదు. మనం పండించింది మాత్రం ఆ 2012 బుట్టలో సగం బరువు. అంటే మన ఖర్చు పెరిగితే ఆ అంకె కదలదు, మన పంట ధర పెరిగితే మాత్రం గంట కొడుద్ది.

ఆ గంట మోగితే ఏం జరుగుద్దో 2023లో చూశాం. జూలైలో అంకె 7.44కి పోయింది. కూరగాయలు 37 శాతం పెరిగాయి, ముఖ్యంగా టమాటా. బియ్యం కూడా ఏడాదిలో 11.5 శాతం పెరిగిందని కేంద్రమే చెప్పింది, కాదనను. మరి ఏం చేశారు? జూలై 20న బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేశారు. ఆగస్టు 19న ఉల్లి మీద 40 శాతం ఎగుమతి సుంకం వేశారు. ఆగస్టు 25న ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం. డిసెంబరులో ఉల్లి ఎగుమతి కూడా ఆపేశారు. గట్టిగా ఐదు నెలల్లో నాలుగు ఉత్తర్వులు.

జూలై 20 అంటే మన డెల్టాలో ఏ సమయం? కాలవలకి నీళ్లొచ్చి, నారుమళ్లు పోసి నాట్లు వేసే సమయం. పెట్టుబడి భూమిలో పెట్టేశాక కాకినాడ ఓడరేవుకి తాళం వేశారన్నమాట. ఆ తాళం 2024 సెప్టెంబరు 28న గానీ తీయలేదు. పద్నాలుగు నెలలు. ఆ ఏడు సన్నాలకి కాస్త ధర పలికిందిగా అంటారు. నిజమే, పలికింది. ఓడరేవు తెరిచి ఉంటే ఇంకెంత పలికేదో ఎవరు చెప్తారు? ఆ తేడా ఎవరి జేబులోంచి పోయింది?

ఇప్పుడు రెండో వైపు చూడండి. రిజర్వు బ్యాంకుకి చట్టం ఒక హద్దు గీసింది. ధరల పెరుగుదల 4 శాతం ఉండాలి, పైన 6 దాటకూడదు, కింద 2 కన్నా తగ్గకూడదు. వరసగా మూడు త్రైమాసికాలు ఆ హద్దు తప్పితే ఎందుకు తప్పిందో కేంద్రానికి జవాబు రాసుకోవాలి. 2022లో పైన 6 దాటినందుకు అట్లా రాయాల్సి వచ్చింది కూడా. అంటే కాగితం మీద హద్దు రెండు వైపులా ఉంది. 2025 జూలై నుంచి సెప్టెంబరు దాకా సగటు 2 కిందే ఉంది. అక్టోబరు చూస్తే సున్నా దగ్గర పడింది.

పై గీత దాటితే ఓడరేవు మూశారు. కింద గీత దాటితే ఏం తెరిచారు? 2025 ఫిబ్రవరి, ఏప్రిల్, జూన్‌లో కలిపి వడ్డీ రేటు ఒక శాతం తగ్గించారు. ఇంటి అప్పు ఉన్నవాడికి ఈఎంఐ తగ్గింది, సంతోషం. ధర పడిపోయిన రైతుకి ఏం తగ్గింది? కర్నూలులో ఉల్లి రైతు కిలో ధర కూలికి కూడా చాలక తల పట్టుకుంటే, రాష్ట్రం మార్క్‌ఫెడ్‌తో క్వింటా 1200కి కొనిపించింది. ఆ మాత్రం చేసినందుకు కాదనలేం. కానీ ఉల్లి మీద 2023లో దేశం మొత్తం కదిలింది, 2025లో ఒక్క రాష్ట్రం కదిలింది. ఈ తేడానే నేను చెప్పేది.

కంచెకి ముళ్లు ఒకవైపే ఉన్నాయి సోదరులారా. మనవైపు.

ఇంకో సంగతి. దేశం మొత్తానికి ఒకే అంకె చెప్తారు గానీ, రాష్ట్రాల అంకెలు చూస్తే ఇది ఒక దేశమేనా అనిపిస్తది. 2025 జూన్ నెలలో దేశం అంకె 2.1. కేరళలో 6.71. మన ఆంధ్రాలో సున్నా. తెలంగాణలో సున్నాకి కిందే, మైనస్ 0.93. అక్టోబరులో కేరళ 8.56కి పోయింది. అక్కడ కొబ్బరి నూనె మండిపోయింది. అంటే కొబ్బరి పండించేవాడికి నాలుగు రూపాయలు కనపడుతున్నట్టు. ధాన్యం, కూరగాయలు పండించే మన రెండు రాష్ట్రాల్లో సున్నా, సున్నా కింద. ఒకళ్లకి జ్వరం, ఇంకొకళ్లకి చలి, ఇద్దరికీ కలిపి సగటు తీసి ఒంట్లో బాగానే ఉంది అన్నట్టుంది ఈ దేశం అంకె. విధానం మాత్రం అందరికీ ఒకటే.

ఇప్పుడు నా లెక్క ఒకటి చెప్తా. ఎవరైనా కాగితం తీసుకుని సరిచూసుకోండి.

ఈ సూచీ 2012లో 100. 2025 అక్టోబరులో 197 దగ్గరుంది. అంటే 2012లో వంద రూపాయలకి వచ్చే సంసారం సామాను 2025లో 197 పెడితే గానీ రాలేదు. 2012-13లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటా 1250. 2025-26లో 2369. మన 75 కిలోల బస్తా లెక్కన అప్పుడు 937 రూపాయల 50 పైసలు, 2025-26లో 1777. చూడ్డానికి బాగానే పెరిగింది. కానీ ప్రభుత్వం వాళ్ల సూచీ ప్రకారమే 1250 పెరిగి ఉంటే 2025లో 2462 దాకా ఉండాలి. క్వింటాకి 93 రూపాయలు తక్కువ. పదమూడేళ్లు కష్టపడి, మద్దతు ధర మొత్తం చేతికొచ్చినా సరే, 2012లో ఉన్నచోటికి కూడా రాలేదు మనం. తేమ 17 శాతం దాటిందని కోత పెడితే ఆ మాత్రం కూడా రాదు. ఇది నా లెక్క కాదు, వాళ్ల అంకెలే పక్కపక్కన పెట్టా. డీజిలు 2012లో లీటరు 50 చుట్టూ ఉండేది, 2025లో 97 దగ్గరుంది. అది చక్కగా రెట్టింపైంది, దానికి మాత్రం తేమ శాతం లేదు!

ఇక మినుము. ఈ పోస్టు రాయడానికి అసలు కారణం అదే.

వరి కోతకి రెండు మూడు రోజుల ముందు చేలో మాగాణి మినుము చల్లడం మన డెల్టా పద్ధతి. తాతల నాటి నుంచి వస్తున్నదే. పదునులో పడితే దుక్కి లేదు, పెద్ద నీరు లేదు. వరి ఖర్చులకి పోతే మినుము మిగులుద్ది అనుకునేవాళ్లం. తుపాను కొట్టిన ఈ ఏడు ఆ ఆశ ఇంకా ఎక్కువ. మరి ఆ 0.25 శాతం వార్తలోనే ఇంకో అంకె ఉంది, ఎవరూ గట్టిగా చదవలేదు. పప్పులు నిరుటి మీద 16 శాతం తగ్గాయి.

ఎందుకు తగ్గాయి? పంట ఒక కారణం. తలుపులు బార్లా తెరిచి ఉంచడం ఇంకో కారణం. 2021 మే 15 నుంచి మినుము, కంది దిగుమతికి అడ్డు తీసేశారు. అదే ఏడు బర్మాతో ఒప్పందం చేసుకున్నారు, ఏటా రెండున్నర లక్షల టన్నుల మినుము అక్కడి నుంచి తెచ్చుకోవడానికి, ఐదేళ్లపాటు. 2025లో మినుము మీద సుంకం లేదు. అప్పుడు ఆ సడలింపు గడువు ఎప్పటిదాకా? 2026 మార్చి 31. మన మినుము నూర్చేది ఎప్పుడు? ఫిబ్రవరి, మార్చి. మన పంట కళ్లంలో ఉన్నన్నాళ్లూ తలుపు తెరిచే ఉంటదన్నమాట. ఆ తర్వాత మళ్లీ పొడిగిస్తారో లేదో విత్తనం చల్లే నాటికి మనకి తెలీదు. 2025-26కి మద్దతు ధర 7800 అని ప్రకటించారు, బాగుంది. యార్డులో ఎంతకి అడుగుతున్నారో నేను మీకు చెప్పక్కర్లేదు.

పోనీ, బెజవాడలో ప్లేటు ఇడ్లీ ధర తగ్గిందా? గారె తగ్గిందా? మినప్పప్పు పెరిగిందని అప్పుడు పెంచిన హోటళ్లలో, పప్పు తగ్గిందని బోర్డు మార్చినవాళ్లని నేనైతే చూడలేదు. మన దగ్గర తగ్గింది తినేవాడి దాకా పోలేదు, మధ్యలోనే ఇంకిపోయింది.

ఇంత చెప్తుంటే కొంతమంది తమ్ముళ్లు ఒక మాట అంటారు. అన్నా, మన ఊళ్లో కూలికెళ్లేవాళ్లు కూడా పప్పు కొనుక్కునేవాళ్లేగా, రేటు తక్కువుంటే వాళ్లకి మంచిదేగా అని. నూటికి నూరుపాళ్లు నిజం. మనమూ నూనె, కూరగాయలు కొనుక్కునేవాళ్లమే. ధరలు మండిపోవాలని నేను కోరుకోను. పేదవాడి కంచంలో పప్పు ఉండాలి. కానీ ఆ పప్పు ఖర్చు ఎవరు భరించాలి? రేషను బియ్యం ఇచ్చినట్టు ఖజానా భరించాలా, ఎకరానికి ఇంతని అప్పు తెచ్చి చల్లిన కౌలు రైతు భరించాలా? పైగా మినుము గిట్టక చేను వదిలేస్తే ముందు పని పోయేది ఆ కూలీకే. పీకే కూలి, నూర్చే కూలి ఎక్కడి నుంచి వస్తది?

ఇంకొకళ్లు అంటారు, 2026 ఫిబ్రవరిలో 2024 ప్రాతిపదికతో కొత్త సూచీ వచ్చింది, ఇక సర్దుకుంటదిలే అని. కొత్త బుట్టలో తిండి బరువు తగ్గింది, నిజమే. జనం ఖర్చులో తిండి వాటా తగ్గింది కాబట్టి. దానివల్ల టమాటా పెరిగినప్పుడు గంట కాస్త మెల్లగా మోగొచ్చు. కానీ కొత్త బుట్ట కూడా కొనేవాడి బుట్టే. అమ్మేవాడి బుట్ట అందులో ఉండదు.

అందుకే నేను అడిగేది మూడే. పెద్ద కోరికలు కావు.

ఒకటి. ప్రతి నెలా 12న కొనేవాడి అంకె చెప్తున్నట్టే, పండించేవాడి అంకె కూడా చెప్పండి. కళ్లం దగ్గర మాకు వచ్చిన ధర ఎంత, మేము పెట్టిన ఖర్చు ఎంత, రాష్ట్రాల వారీగా. రైతు అమ్మే ధరల్ని కొనే ధరలతో పోల్చే లెక్క ఒకటి కేంద్ర వ్యవసాయ శాఖ కడుతూనే ఉంది. కాకపోతే ఏడాదికోసారి, ఎవరికీ వినపడకుండా. దాన్ని నెలనెలా టీవీలో చెప్పండి.

రెండు. నాట్లు పడ్డాక, విత్తనం చల్లాక ఎగుమతి ఆపడం, దిగుమతి సడలించడం చేయొద్దు. ఏం చేసినా సాగుకి ముందే చెప్పండి. మేం ఏం వేయాలో మేం చూసుకుంటాం.

మూడు. పైకెళ్తే తాళం ఎట్లా దానంతటదే పడుతోందో, కిందకొస్తే సుంకం కూడా అట్లాగే పడాలి. మినుము మద్దతు ధర కన్నా కిందకి పోయిన రోజున దిగుమతి సుంకం లేవాలి. దరఖాస్తులు, ధర్నాలు లేకుండా.

ఉయ్యూరైనా, పామర్రైనా, గుడివాడైనా, అవనిగడ్డైనా మన ఎమ్మెల్యే, ఎంపీ ఎవరు కనపడినా ఈ మూడింట్లో ఒక్కటి అడగండి. ఏ పార్టీ అని చూడొద్దు. 2023లో తాళం వేసినప్పుడూ మన తరఫున గట్టిగా అడిగినవాళ్లు లేరు, ఇప్పుడూ లేరు.

వచ్చే నెల 12న మళ్లీ ఇంకో అంకె వస్తది. తగ్గిందంటే మళ్లీ చప్పట్లు కొడతారు. అప్పుడు పక్కనున్నవాళ్లని ఒక్క మాట అడగండి, తగ్గింది ఎవరి కష్టం అని.

మినుము చల్లాలా వద్దా అంటే నేను చెప్పలేను. నేనైతే సగం చేలో చల్లుతున్నా, మిగతా సగం ఇంకా తేల్చుకోలేదు. మీ ఊళ్లో యార్డు ధర ఎంతుందో, ఏం చేద్దామనుకుంటున్నారో కింద రాయండి. నా లెక్కలో తప్పుంటే అదీ చెప్పండి, దిద్దుకుంటా.