దామెర్ల బొమ్మల ముందు పది నిముషాలు

ఏలూరు బడిపిల్లవానిని ఒక చిత్రకారుని పేరు చెప్పమంటే రవివర్మ అంటాడు. కొంచెం చదివినవాడైతే స్పెయిను దేశపు పికాసో అంటాడు. తెలియడం మంచిదే. కాని ఏలూరులో రైలెక్కి, తాడేపల్లిగూడెం, నిడదవోలు దాటి, గోదావరి వంతెన మీదుగా రాజమహేంద్రవరంలో దిగితే, దామెర్ల రామారావు స్వహస్తాలతో రచించిన చిత్రాలే ఆయన పేరిటి చిత్రశాలలో ఉన్నవి. వాటిని చూచిన ఉపాధ్యాయులెందరు?

1897లో పుట్టి, బొంబాయిలో చిత్రకళ అభ్యసించి, రాజమహేంద్రవరంలో చిత్రకళాశాల నెలకొల్పిన ఆ యువకుడు 1925లో మశూచికి బలియైనాడు. అప్పటికి ఇరవై యెనిమిదేండ్లయినా నిండలేదు. ఆయనకు ప్రియమైనది మానవాకృతి. ‘పుష్పాలంకరణ’లోని స్త్రీలను చూడండి: దేవలోకం నుంచి దిగివచ్చినవారు కారు, మన ఇళ్లలోని ఆడవారే. ఆ మెడ వంపు, ఆ వ్రేళ్ల మెలకువ అచ్చుబొమ్మలో సగమైనా నిలువవు. చట్రంలో బిగించిన అసలు బొమ్మ ముందు నిలిచినవాడే ఒక అడుగు వెనుకకు వేసి, మరల దగ్గరకు వచ్చి, రంగు ఎక్కడ పలుచబడినదో కనిపెట్టగలడు.

కొల్లేటి ఒడ్డున ఆటపాకకు గూడబాతులను చూపడానికి పిల్లలను తీసుకొనిపోయే బడులున్నవి. అది విజ్ఞానయాత్ర, బొమ్మలు చూపడం మాత్రం కాలహరణమట! (డ్రాయింగు గంటను లెక్కలకు అప్పగించే బడులకు ఈ వాదం సహజమే.) పక్షి ముక్కు వంపును గమనించిన కన్ను మనిషి మెడ వంపును గమనించలేదా?

చిత్రశాలలో ఉపన్యాసాలు అక్కరలేదు. ఒక్కొక్క పిల్లవానికి ఒక్కొక్క బొమ్మ ముందు పది నిముషాలు, చేతికొక పెన్సిలు, కాగితం. సాయంత్రపు రైలుకు ఏలూరు తిరిగి రావచ్చు.