చోదకుడు లేని కార్లు - లెక్కకు రాని బాటసారి



తమంత తాము నడచు కార్లు, మనుష్యులు నడుపు కార్లు ఒకే రోడ్డుపై కలిసి పోయినచో ఏమగునో ముందుగా కంప్యూటరులో బొమ్మరోడ్డు కల్పించి చూచుచున్నారు. మంచిదే. ఏ ప్రాణమునకు ముప్పు లేకుండ తప్పొప్పులు తెలియును. అయితే ఆ బొమ్మరోడ్డుపై ఎవరెవరున్నారో కూడ విచారింపవలెను.

2008లో జపాను శాస్త్రజ్ఞులు 230 మీటర్ల గుండ్రని బాటపై 22 కార్లను ఒకే వేగముతో నడుపుడని చెప్పిరి. అడ్డంకి ఏదియు లేకున్నను కొంతసేపటికి కార్లు ఆగి ఆగి నడువసాగినవి. ఒకడు కొద్దిగా బ్రేకు వేసిన, వెనుకవాడు మరికొంత గట్టిగా వేయును. అది అలవలె వెనుకకు ప్రాకును. తరువాత అమెరికాలోని టూసాన్‌లో అట్టి బాటమీదనే సుమారు ఇరవై కార్ల నడుమ తనంత తాను నడచు కారు నొకదానిని పెట్టగా, అది నిదానముగా సాగి ఆ అలను అణచినదని 2018లో ప్రకటించిరి. ఇది చిన్న విషయము కాదు.

కాని ఈ లెక్క అంతయు “ముందున్న బండి” అను మాటపై నిలిచినది. మన రోడ్డుపై ముందున్న బండి ఏది? లారీ ప్రక్కన ఆటో, ఆ రెంటి సందున మోటారు సైకిలు, ఒక్కొక్కప్పుడు ఎదురుగా వచ్చు మరియొకటి! మనవారు దీనికి పూర్వమే ఒక ఉపాయము పన్నిరి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు వారి 1990 నాటి పట్టీలో కారు 1 అయిన, మోటారు సైకిలు 0.5, లారీగాని బస్సుగాని 3, పెద్ద ఎద్దుబండి 8. ఎద్దుబండికి సైతము అంకె దొరకినది గాని ఆ పట్టీలో కాలినడకవానికి మాత్రము లేదు.

శోళవరం ప్రక్కగా పోవు కలకత్తా రోడ్డు దాటువారికి బండ్లు ఆగి ఆగి నడచుటయే ఆధారము. లెక్కలో నష్టముగా చూపబడు ఆ నిలుపుదలలోనే ముసలివారు, బడిపిల్లలు అవతలి గట్టు చేరుచున్నారు. అలలన్నియు అణగి బండ్లు ఎడతెగక సాగినచో వీరు దాటుట ఎప్పుడు? మరియు నేడు చేయి చాపిన డ్రైవరు తల ఊపును. సీటులో మనిషి లేనిచో ఎవరి మొగము చూచి అడుగు వేయవలెను? ఇక ఆ కారు ఎట్లును ఆగునని తెలిసిన మన లారీవారు దానికి అడ్డము దూర్చక మానరు.

హైదరాబాదు త్రిపుల్ ఐ.టి. వారు హైదరాబాదు, బెంగుళూరు రోడ్లపై తీసిన పదివేల చిత్రములతో ఆటోలను, పశువులను గుర్తించుట యంత్రమునకు నేర్పుటకు దారి చేసిరి. కంది వద్ద ఐ.ఐ.టి. వారి పరీక్షా క్షేత్రము 2022 జూలైలో ప్రారంభమైనది. ఇవి సంతోషింపదగినవి. డెబ్బది, ఎనుబది లక్షల డ్రైవర్ల బ్రతుకు పోవునని, ఇట్టి కార్లను రానీయనని కేంద్రమంత్రి గడ్కరీ గారు 2023 డిసెంబరులో చెప్పిరి. అది వేరే వాదము. పరిశోధన అంతటితో ఆగదు.

1990లో ఇరుంగాట్టుకోట్టై బాట తెరువక పూర్వము మా శోళవరం విమానపు బాటపై కారు పందెములు జరిగెడివి. అన్ని కార్లును ఒకే దిక్కునకు, జనమంతయు వెలుపల! బొమ్మరోడ్డు అట్లుండరాదు. కావున పరిశోధకులు సంతరోజున ఒకటి, బడిరోజున ఒకటి చొప్పున మా వంటి ఊళ్ల వద్ద రోడ్డు దాటువారిని, వారు వేచియుండు నిమిషములను లెక్కించి, ఆ అంకెలను తమ కంప్యూటరులో చేర్చవలెనని కోరుచున్నాను.

ఇట్లు,
ఒక చిరకాల పాఠకుడు,
శోళవరం.