అతుకు దగ్గరే అసలు పని

2009లో జపాన్‌లోని తోయిన్ విశ్వవిద్యాలయంలో త్సుతోము మియాసకా బృందం పెరోవ్‌స్కైట్‌తో సౌర ఘటం చేసినప్పుడు దాని సామర్థ్యం 3.8 శాతమే. ఇవాళ ప్రయోగశాలల్లో అది 26 శాతం దాటింది. ఈ ఎదుగుదల గురించి చెప్పేటప్పుడు అందరూ వెలుతురును పీల్చే పొరనే మెచ్చుకుంటారు. నన్నడిగితే పొరకూ పొరకూ మధ్య ఉన్న అతుకుకే ఎక్కువ ఘనత ఇస్తాను. సేంద్రియ అయాన్లు, సీసం, అయొడిన్ కలిసిన ఆ పెరోవ్‌స్కైట్ స్ఫటికం మీద ఎండ పడగానే ఎలక్ట్రాన్ ఒకవైపు, అది వదిలిన చోటైన హోల్ మరోవైపు బయటికి పోవాలి. కానీ స్ఫటికం పైభాగాన అయొడైడ్ ఊడిపోయిన ఖాళీలు, జత దొరకని సీసం అయాన్లు గడప ముందు గోతుల్లా ఉంటాయి. వాటిలో పడి ఎలక్ట్రాన్, హోల్ కలిసిపోతే, కరెంటు కావలసిన శక్తి వేడిగా వృథా అవుతుంది, వోల్టేజీ తగ్గుతుంది. ఆ గోతులు పూడ్చడానికి ఫినెథైల్ అమ్మోనియం అయొడైడ్ వంటి లవణాన్ని పలచగా పూస్తారు. అడుగున వాహక గాజు మీద కార్బజోల్ ఫాస్ఫోనిక్ ఆమ్లపు అణువులు తమంతట తామే బారులు తీరతాయి, ఒకే ఒక్క అణువు మందాన! అంత సన్నని పూత ఘటం జాతకాన్నే మార్చేస్తోంది. అయితే తేమా వేడీ దెబ్బతీసేదీ ఈ అతుకులనే. మన పరిశోధకులకూ, వారికి నిధులిచ్చేవారికీ నా విన్నపం ఒక్కటే: రికార్డు శాతాలతో పాటు, మన రోహిణీకార్తె ఎండలో ఆ అతుకు ఎన్ని వేల గంటలు నిలిచిందో కూడా కొలిచి చెప్పండి.