చర్చి మీద దావా వెయ్యొచ్చునా?

"దేవుడి సన్నిధి మీద కోర్టులో దావానా! కలికాలం అంటే ఇదే మరి!" అనేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. హాస్టల్ మెస్సులో నేనీ మాట ఎత్తితే పప్పు చల్లారిపోయేదాకా వాదన నడిచింది. ఒక మిత్రుడు దీన్ని మతద్వేషం అన్నాడు. ఇంకొకడు డబ్బాశ అన్నాడు. "బియ్యస్సీ వాడివి, నీకెందుకురా ఈ ప్లీడరు గొడవ?" అని మూడోవాడు సలహా పారేశాడు. వాళ్ల ముగ్గురికీ అక్కడ చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ రాస్తున్నాను.

మొట్టమొదట ఒక అపోహ తొలగించాలి. అమెరికాలోనూ ఇతర దేశాల్లోనూ చర్చిల మీద దావాలు వేసినవాళ్లు ఎక్కువమంది నాస్తికులూ కారు, పరమతస్థులూ కారు. ఆ చర్చిలోనే బాప్తిస్మం పొంది, ఆదివారం పూజలో ఫాదర్‌గారికి చేతికింద పనులు చేసిన పిల్లలు. పెద్దయ్యాక వాళ్లు వేసినవే ఈ దావాలు. సొంత ఇంటి మీద సొంత పిల్లలు కోర్టుకెక్కారంటే ఆ ఇంట్లో వాళ్ల మాట ఎన్నేళ్లు చెవిన పెట్టలేదో ఊహించుకోండి.

రెండోది. నేరం చేసినవాణ్ణి శిక్షించటానికి క్రిమినల్ కేసు ఉండగా సివిల్ దావా ఎందుకంటారా? క్రిమినల్ కేసు "ఎవడు చేశాడు?" అని అడుగుతుంది. సివిల్ దావా ఇంకో అడుగు ముందుకేసి "వాణ్ణి అక్కడ పెట్టింది ఎవరు? సంగతి తెలిశాక కూడా ఎందుకు ఉంచారు?" అని అడుగుతుంది. మా రైతు కుటుంబాల్లో ఇది తెలియని న్యాయమేమీ కాదు. మా తాతగారి కాలంలో గొడ్డు పరాయి చేలో పడితే తోలుకుపోయి బందెలదొడ్డిలో పెట్టేవారు. జరిమానా కట్టాల్సింది గొడ్డుగలవాడే. "అది నోరులేని పశువండీ, దానికేం తెలుసు!" అంటే ఎవడూ ఒప్పుకునేవాడు కాదు. గొడ్డుకి తెలియదు సరే, దాని తలుగు వదిలేసినవాడికి తెలియొద్దూ!

అమెరికాలో బోస్టన్ నగరంలో జరిగింది చూడండి. అక్కడ ఒక కేథలిక్ ఫాదర్ ముప్ఫై ఏళ్ల కాలంలో అరడజను పారిష్‌లలో పనిచేశాడు. తమని చిన్నతనంలో చెరిచాడని 130 మందికి పైగా ముందుకొచ్చి చెప్పారు. మన తెలుగు కేథలిక్కులు పారిష్‌ని "విచారణ" అంటారు. ఆ మాటే వాడితే, ఆయన్ని ఒక విచారణ నుంచి ఇంకో విచారణకి మారుస్తూ పోయారు గానీ అసలు విచారణ మాత్రం జరగలేదు! 1982లోనే ఒక తల్లి తమ కుటుంబంలోని ఏడుగురు మగపిల్లల సంగతి చెబుతూ అప్పటి కార్డినల్‌కి ఉత్తరం రాసింది. 1984లో కొత్తగా వచ్చిన ఆర్చిబిషప్ బెర్నార్డ్ లా ఆ ఫాదర్‌ని ఇంకో చర్చికి పంపాడు. అలా పంపటం సరికాదని ఒక సహాయ బిషప్పే రాతపూర్వకంగా హెచ్చరించాడు. (ఆర్చిబిషప్ ఇంటిపేరు "లా" కావటం విధి చేసిన పరిహాసం. నేనేం కల్పించలేదు.)

ఈ ఉత్తరాల సంగతి లోకానికి ఎలా తెలిసింది? పోలీసులు సోదా చేస్తే కాదు. పైవాళ్లు పశ్చాత్తాపపడి చెబితే కూడా కాదు. బాధితులు సివిల్ దావాలు వేశారు. ఆ దేశపు పద్ధతి ప్రకారం దావా నడుస్తుంటే ఎదుటి పక్షం తన దగ్గరున్న కాగితాలు అప్పజెప్పి తీరాలి. ఆ కాగితాలు బయటికి పొక్కకుండా మొదట కోర్టు ముద్ర వేసి ఉంచారు. బోస్టన్ గ్లోబ్ పత్రిక కోర్టుకి వెళ్లి పోరాడింది. 2001 నవంబరులో జడ్జి కాన్‌స్టన్స్ స్వీనీ ఆ ముద్ర తీసెయ్యమని ఉత్తరువు ఇచ్చింది. 2002 జనవరి 6న పత్రిక తొలి కథనం అచ్చేసింది. ఆ ఏడాది డిసెంబరు 13న కార్డినల్ లా పదవి వదులుకున్నాడు. ముప్ఫై ఏళ్లు కదలని కొండ పదకొండు నెలల్లో కదిలింది!

మేం ల్యాబులో చేసిన ప్రయోగమంతా రికార్డులో రాయాలి. తప్పొచ్చిన రీడింగు కొట్టేస్తే, కింద ఏముందో కనపడేట్టు ఒక్క గీతతోనే కొట్టమంటారు మా డిమాన్‌స్ట్రేటర్‌గారు. ఆ మేత్రాసనం వాళ్లు కూడా రికార్డు చక్కగానే రాసుకున్నారు. కాకపోతే ఎవరికీ చూపించలేదు. ఆ రికార్డుని దిద్దటానికి బయటపెట్టిందే సివిల్ దావా. నా దృష్టిలో దాని అసలు విలువ అదే, ఆ తర్వాతే డబ్బు.

డబ్బు మాట కూడా దాటెయ్యను, డబ్బాశ అన్న మిత్రుడు ఊరుకోడు. 2003 సెప్టెంబరులో బోస్టన్ మేత్రాసనం 552 మందితో 8.5 కోట్ల డాలర్లకి రాజీపడింది. మనిషికి 80 వేల నుంచి 3 లక్షల డాలర్ల దాకా. ఆ అప్పు తీర్చటానికి ఆర్చిబిషప్ నివాసంతో సహా ఎకరాలకెకరాలు 2004లో బోస్టన్ కాలేజీకి అమ్ముకున్నారు. లాస్ ఏంజెలెస్ ఆర్చ్‌డయోసిస్ 2007లో 66 కోట్ల డాలర్లు, మళ్లీ 2024 అక్టోబరులో 88 కోట్ల డాలర్లు ఒప్పుకుంది. పోర్ట్‌లండ్ వాళ్లు 2004లో దివాలా పిటిషనే వేశారు. భక్తులు చిల్లర చిల్లరగా వేసిన కానుకలు ఇలా పోయాయే అని బాధపడేవాళ్లున్నారు. ఆ బాధ నిజమైనదే. నేను కొట్టిపారెయ్యను. హుండీలో రూపాయి వేసిన కూలిమనిషి ఏ తప్పూ చెయ్యలేదు. కానీ 1984లో ఒక్క ఉత్తరం చదివి ఒక్క మనిషిని పక్కనపెడితే పోయేదానికి ఇరవై ఏళ్ల వడ్డీ కట్టారు. ఆ వడ్డీ పెంచింది ఎవరు? కోర్టా?

పైగా అక్కడి చట్టం ధర్మసంస్థల మీద కత్తి దూసినదేమీ కాదు. మాసచూసెట్స్ రాష్ట్రంలో ధర్మకార్యం చేస్తూ చేసిన నష్టానికి ధర్మసంస్థ కట్టాల్సింది 20 వేల డాలర్లకి మించకూడదని 1971 నాటి చట్టం. అంతకుముందైతే అదీ లేదు, పూర్తి మినహాయింపే! ఇలాంటి చోట సంస్థ ఒక్కదాన్నే పట్టుకుంటే దావా ఖర్చులు కూడా రావు గనకనే పైఅధికారుల్ని పేరుపేరునా ప్రతివాదులుగా చేర్చటం.

ఆస్ట్రేలియాలో ఇంకో విడ్డూరం. 2007లో న్యూసౌత్ వేల్స్ అప్పీలు కోర్టు, కేథలిక్ చర్చి అనేది చట్టం దృష్టిలో "వ్యక్తి" కాదనీ, ఆస్తులు చూసే ట్రస్టీలకీ ఫాదర్ల ప్రవర్తనకీ సంబంధం లేదనీ తేల్చింది. అంటే భవనాలున్నాయి, భూములున్నాయి, బడులున్నాయి, దావా వేద్దామంటే మాత్రం "ఎవరండీ మీరు చెప్పే చర్చి?" అన్నమాట! ఎద్దు మాదే, పగ్గం మాదే, చేలో పడ్డప్పుడు మాత్రం మాది కాదంటే ఏ ఊళ్లో చెల్లుతుంది? ప్రభుత్వం వేసిన రాయల్ కమిషన్ 2013 నుంచి 2017 దాకా విచారించాక, 2018లో విక్టోరియా, న్యూసౌత్ వేల్స్ రాష్ట్రాలు చట్టాలు మార్చి ఆ దారి మూసేశాయి.

అయితే చర్చి మీద వేసిన ప్రతి దావా న్యాయమైనదేనా? కాదు. ఇక్కడ నా మిత్రుల వాదనకి కొంత చోటివ్వాలి. కాలిఫోర్నియాలో 1979లో ఒక 24 ఏళ్ల యువకుడు ఆత్మహత్య చేసుకున్నాడు. మనలాగే యూనివర్సిటీలో చదువుకున్నవాడు. అతను వెళ్లే గ్రేస్ కమ్యూనిటీ చర్చి వాళ్లు సరైన సమయంలో మానసిక వైద్యుడి చేతిలో పెట్టలేదని తల్లిదండ్రులు మరుసటేడు దావా వేశారు. చనిపోవటానికి కొన్ని వారాల ముందు ఆస్పత్రిలో పడుకుని, బతికి బయటపడ్డందుకు విచారంగా ఉందని ఇద్దరు పాస్టర్లతో విడివిడిగా అన్నాడట. డాక్టర్లకి తెలిసే ఉంటుందనుకుని వాళ్లు ఎవరికీ చెప్పలేదు. అదే చర్చిలో డాక్టరుకి చూపించుకోమని చెప్పినవాళ్లూ ఉన్నారు. 1988లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు దావా కొట్టేసింది. ప్రార్థన చేసి ధైర్యం చెప్పే పాస్టరుకి డాక్టరుకున్న చట్టబాధ్యత అంటగడితే, రేపు దుఃఖంలో ఉన్నవాడి పక్కన కూర్చోటానికి కూడా ఎవరూ సాహసించరని భావం. ఆ తర్కం నాకు అర్థమైంది. అయినా ఆ ఆస్పత్రి మంచం దగ్గర ఒక్క మాట డాక్టరు చెవిన వేసి ఉంటే అన్న ఆలోచన నన్ను వదలటం లేదు.

ఈ రెండు కేసులూ పక్కపక్కన పెట్టి చూస్తే గీత ఎక్కడుందో కనిపిస్తుంది. ప్రార్థన ఎలా చెయ్యాలి, పాపమంటే ఏమిటి, ఇవి కోర్టు పని కావు. పిల్లలున్నచోట ఎవరిని నియమించారు, ఫిర్యాదు వస్తే ఏం చేశారు, ఇవి విశ్వాసానికి సంబంధించిన ప్రశ్నలు కానే కావు. ఏ స్కూలునైనా, ఏ హాస్టల్‌నైనా అడిగే ప్రశ్నలే. మన రాజ్యాంగం 26వ అధికరణం కూడా మతసంస్థలకి స్వేచ్ఛ ఇస్తూనే ప్రజాశాంతి, నీతి, ఆరోగ్యాలకి లోబడి అని ముందే షరతు పెట్టింది.

మరి మన దగ్గర ఇలాంటి దావాలు ఎందుకు కనపడవు? మనవాళ్లంతా పుణ్యాత్ములు గనకా? నష్టపరిహారం ఎంత అడిగితే దాన్నిబట్టి కోర్టు ఫీజు ముందే కట్టాలి. అమెరికాలో లాగా "గెలిస్తే వాటా తీసుకుంటాను" అనే ఒప్పందం మన వకీళ్లకి నిషిద్ధం. అందుకని మనం దావాకి పోం, దయకి ఎదురుచూస్తాం. ఇది ఒక్క చర్చిల సంగతి కాదు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు పోయారు. అదే ఏడు ఏప్రిల్ 30న సింహాచలంలో చందనోత్సవం నాడు గోడ కూలి ఏడుగురు పోయారు. కుటుంబానికి 25 లక్షల చొప్పున ఎక్స్‌గ్రేషియా ప్రకటించారు. ఎక్స్‌గ్రేషియా అంటే దయతలచి ఇచ్చేదని అర్థం. ఆర్టీసీ బస్సు గుద్దితే ట్రిబ్యునల్‌కి పోయి హక్కుగా అడిగే మనం, దైవదర్శనానికి పోయి ప్రాణం పోతే చెయ్యి చాపి నిలబడుతున్నాం!

అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది మన 1963 నాటి లిమిటేషన్ చట్టం. మైనరుగా ఉండగా జరిగిన హానికి గడువు లెక్క మేజరయ్యాకే మొదలవుతుందని 6వ సెక్షన్ అంటుంది. బాగానే ఉందనుకునేలోగా, ఆ పొడిగింపు మూడేళ్లకి మించదని 8వ సెక్షన్ అంటుంది. మోసం చేసి దాచిపెట్టారని రుజువు చెయ్యగలిగితే తప్ప, చిన్నప్పటి గాయానికి నష్టపరిహారం అడగాలంటే 21 ఏళ్లు నిండేలోపే అడగాలి. కాలిఫోర్నియాలో ఇలాంటి గడువులే అన్యాయమని గ్రహించి, 2003లో ఒక ఏడాదిపాటు, మళ్లీ 2020 నుంచి 2022 దాకా మూడేళ్లపాటు పాత కేసులన్నిటికీ తలుపు తెరిచారు. బోస్టన్‌లో నోరు విప్పినవాళ్లలో చాలామంది ముప్ఫైలు, నలభైలు దాటినవాళ్లు.

నాకిప్పుడు ఇరవై. నా క్లాసులో అందరికీ ఇంచుమించు అంతే. ఏ బడిలోనో, ఏ మఠంలోనో, ఏ చర్చి హాస్టల్‌లోనో చిన్నప్పుడు జరిగింది ఇంతవరకూ అమ్మకి కూడా చెప్పుకోలేకపోయినవాడు మా బెంచీల్లో ఒక్కడున్నా, వాడికి మిగిలింది ఒక్క ఏడాది. ఈ 8వ సెక్షన్‌ని పిల్లల విషయంలో అలాగే ఉంచటం ఎలా న్యాయమో లా కాలేజీ మిత్రులెవరైనా వచ్చే ఏటి సంచికలో రాస్తే చదవాలని ఉంది.