రోగమునకు పేరు

స్కిజోఫ్రేనియా యను వ్యాధికి జపానుదేశమున పూర్వము గల పేరునకు 'మనస్సు చీలిన రోగ' మని యర్థము. ఈ పేరు నుదుట వ్రాయించుకొని బ్రతుకుట యెట్టిదో రోగికిని వాని యింటివారికిని మాత్రమే యెఱుక. 1993లో రోగుల కుటుంబముల సంఘమువారు దీనిని మార్పుఁడని వైద్యుల నర్థించిరి. 2002లోఁ గాని వైద్యసంఘము సమ్మతింపలేదు. నేఁడు 'సమన్వయలోప వ్యాధి' యని వ్యవహారము. అంతకుముందు వైద్యులు పదుగురిలో నలుగురికైనను రోగనామము చెప్పకుండిరి. పిదప రెండుమూఁడేండ్లలో సుమారేడుగురికిఁ జెప్పఁజొచ్చిరి. పేరే యెఱుఁగని రోగి యేండ్లతరబడి మందేల మ్రింగును?

పేరు మారిన రోగము మానునా యని పరిహసించువారు కలరు. మానదు. కాని సంబంధములు చెడునని 'పిచ్చి' యను మాటకు వెఱచి బిడ్డను గదిలో దాఁచు గృహస్థులు మనలో లేరా? మనము వ్రాయు 'మనోవైకల్య' మను మాట మాత్రము వారి నాసుపత్రి గడప త్రొక్కనిచ్చునదియా? మన వైద్యులును భాషావేత్తలును రోగుల బంధువులతోఁ గూర్చుండి వేఱొకటి నిర్ణయింతురు గాక.